సమ ఉజ్జీ

తెలుగు పత్రికల్లో 'శాంతి' అనే మాట ఒంటరిగా కనిపించడం అరుదు. అది చాలావరకు 'భద్రత'ను వెంటబెట్టుకొని 'శాంతిభద్రతలు'గా వస్తుంది, లేదా వినాయక నిమజ్జనానికో మొహర్రం ఊరేగింపుకో ముందు పోలీస్ స్టేషన్ ఆవరణలో కుర్చీలు వేసి పెద్దమనుషులను కూర్చోబెట్టే 'శాంతి కమిటీ'గా వస్తుంది. రెండు చోట్లా దాని అర్థం గొడవ జరగకపోవడమే. నార్వే సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్ 1960లలో ఈ రకం శాంతికి 'రుణాత్మక శాంతి' అని, అంటే కొట్లాట లేదన్న మాటే తప్ప మరేమీ లేని స్థితి అని పేరు పెట్టి, మనుషుల మధ్య న్యాయమైన సంబంధాలు ఏర్పడి నిలిచిన స్థితిని 'ధనాత్మక శాంతి'గా వేరుచేశాడు. కొట్టే చెయ్యి కనిపించకుండానే మనిషి దెబ్బతినడాన్ని 'వ్యవస్థాగత హింస' అన్నాడు. ఈ చివరి మాట అర్థం కావడానికి నల్లగొండ, పాలమూరు వాసులు పుస్తకాలు తిరగేయవలసిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరతరాల పిల్లల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ నీటికి ముద్దాయి ఎవరో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ లేదు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసి 'పాలమూరు లేబర్' అని పేరుపడిన జనాన్ని సొంత ఊరి నుంచి వెళ్ళగొట్టింది ఫలానా మనిషి అని వేలు పెట్టి చూపడం కుదరదు.

ఆటల ద్వారా యువతలో శాంతిని పెంచవచ్చన్న ఆలోచన ఈ రెండు రకాల శాంతుల్లో దేని గురించి మాట్లాడుతున్నదో ముందుగా తేల్చుకోకపోతే ఆ చర్చ శుభాకాంక్షల స్థాయి దాటదు. ఐక్యరాజ్య సమితి 2013లో ఏప్రిల్ 6వ తేదీని, 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ మొదలైన రోజని గుర్తుచేస్తూ, అభివృద్ధి కోసం, శాంతి కోసం క్రీడల అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. దీనికి విరుద్ధమైన వాదమూ పాతదే: 1945లో మాస్కో డైనమో ఫుట్‌బాల్ జట్టు బ్రిటన్‌లో పర్యటించి వెళ్ళాక జార్జ్ ఆర్వెల్ రాసిన ఒక వ్యాసం, దేశాల మధ్య ఆటలు స్నేహాన్ని కాక పగను పెంచుతాయని తేల్చింది. 1969లో ప్రపంచ కప్ అర్హత పోటీల వెనువెంటనే ఎల్ సాల్వడార్, హోండురస్ దేశాల మధ్య నిజంగానే యుద్ధం వచ్చింది. దాన్ని లోకం 'ఫుట్‌బాల్ యుద్ధం' అంటున్నా, దాని వేర్లు బతుకుతెరువు కోసం సరిహద్దు దాటి హోండురస్‌లో వ్యవసాయం చేసుకుంటున్న సాల్వడార్ రైతుల భూమిలో ఉన్నాయి. వలస, భూమి అన్నవి దక్షిణ తెలంగాణకు కొత్తగా వివరించవలసిన మాటలు కావు.

ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్రలో శాంతి ఎప్పుడూ భూమితోనే ముడిపడి ఉంది. అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకు బలి కావడంతో రగిలిన సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. నల్లమల అడవి మరొక అధ్యాయం: 2004 అక్టోబరులో నక్సలైటు ప్రతినిధులు ఆ అడవి నుంచి బయటికి వచ్చి హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు, చర్చలు నిలవలేదు, 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు కాల్పుల్లో చనిపోయారు. అడవి అంచు ఊళ్ళలో పోలీసులు వాలీబాల్ కిట్లు పంచడం, టోర్నమెంట్లు పెట్టడం తెలుగునాట ఈ కాలంలోనే బాగా అలవాటైన దృశ్యం. దాని ఉద్దేశం దాపరికం లేనిది: సాయంత్రం కోర్టులో ఉన్న కుర్రవాడు రాత్రి అడవిలో ఉండడన్న లెక్క. ఆ లెక్కను ఎగతాళి చేయనక్కరలేదు, ఎందుకంటే తూటాకు దూరంగా గడిచిన ఒక సాయంత్రం ఒక తల్లికి చిన్న విషయం కాదు; కానీ అది రుణాత్మక శాంతికి సంబంధించిన లెక్క. కుర్రవాణ్ణి అడవి వైపు నడిపించినదేమిటన్న ప్రశ్న ఆ బంతిని అంటుకోదు.

అడవిలో తుపాకుల చప్పుడు తగ్గాక కూడా మిగిలి ఉన్న కయ్యం కులానిది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుడు, పెద్ద కులంగా చెప్పుకొనే కుటుంబపు అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకున్నందుకు, ఆసుపత్రి వాకిట్లో గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తుండగానే హత్యకు గురయ్యాడు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. తెలుగులో కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలన్న సామెత ఉంది. పగకూ పెళ్ళికీ సరిజోడు ఉండాలన్న ఆ మాటలో తప్పేమీ కనిపించదు, ఆ సరిజోడును ఎవరు కొలుస్తారు, ఏ కొలతతో కొలుస్తారు అని అడిగేదాకా. పెద్దల లోకంలో ఆ కొలత పుట్టుక. పిల్లల లోకంలో మాత్రం అదే మాటకు మరొక కొలత ఉంది, అది ఆటలో ఉంది.

ఉజ్జీ, ఉద్ది అన్న రెండు రూపాలకూ అర్థం ఒకటే: జోడు, సమానుడు. పల్లెటూరి పిల్లలు చెడుగుడుకో గిల్లీదండకో జట్లు కట్టేటప్పుడు ఉద్దులు కూడే పద్ధతి ఇలా ఉంటుంది: ఇద్దరు నాయకులు ఒకచోట నిలబడతారు, మిగిలినవాళ్ళు ఎత్తు, బలం, నేర్పు తమలో తామే బేరీజు వేసుకొని ఇద్దరిద్దరుగా జత కలుస్తారు, ఒక్కో జత ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకొని కాస్త దూరం నడిచి, ఒకడు పులి ఒకడు ఏనుగు అనో, ఒకడు మామిడిపండు ఒకడు జామపండు అనో గుట్టుగా పేర్లు పెట్టుకొని తిరిగివచ్చి, వంతు వచ్చిన నాయకుణ్ణి ఏది కావాలో కోరుకోమంటారు. పులిని కోరుకున్న నాయకుడికి పులి ఎవరో తెలియదు. ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి: బలాబలాలు రెండు జట్లకూ సరిసమానంగా పంపకమవుతున్నాయి, ఎవరు ఎటు పోతారన్నది ఎవరి ఇష్టానికీ లొంగకుండా కేవలం అవకాశం మీద తేలుతున్నది. గణాంక శాస్త్రంలో దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అంటారు, అంటే చీటీ తీసినట్టుగా, పక్షపాతానికి చోటివ్వకుండా మనుషులను గుంపులుగా విడదీయడం. రొనాల్డ్ ఫిషర్ 1935లో ప్రయోగాల రూపకల్పన గురించి రాసిన గ్రంథానికి ఇది మూలసూత్రాల్లో ఒకటి. ముందుగా సరిజోళ్ళను ఏరి, ఆ జోడులో ఎవరు ఎటన్నది చీటీకి వదిలేయడం ఆ సూత్రంలో మరింత నాజూకైన రకం. చెల్కలో చొక్కా లేకుండా నిలబడిన పిల్లవాడికి ఫిషర్ పేరు తెలియకపోవడం వల్ల అతని పద్ధతికి వచ్చిన లోటేమీ లేదు.

సామాజిక మనస్తత్వ శాస్త్రం ఈ పద్ధతి విలువను వేరే దారిలో కనుక్కొంది. అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో, ఒకరంటే ఒకరికి పడని సమూహాలు దగ్గరికి వస్తే ద్వేషం తగ్గవచ్చునని, అయితే ఊరికే దగ్గరైతే చాలదని, ఆ కలయికలో ఇద్దరి హోదా సమానంగా ఉండాలని, గమ్యం ఒకటి కావాలని, అది కలిసి శ్రమిస్తే గాని అందనిది కావాలని, పైన ఉన్న అధికారం ఆ కలయికను సమర్థించాలని వాదించాడు. దీన్ని 'సంపర్క సిద్ధాంతం' అంటారు. ఊళ్ళలో కులాల మధ్య సంపర్కానికి ఎన్నడూ కొరత లేదు, పొలంలో, కళ్ళంలో, చావు దగ్గర, పెళ్ళి దగ్గర అందరూ అందరికీ ఎదురుపడుతూనే ఉంటారు. కొరత ఉన్నది సమానమైన హోదాకే. ఈ సిద్ధాంతాన్ని కులం మీద, అదీ ఆటలో, సూటిగా పరీక్షించిన పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. ఆర్థిక శాస్త్రవేత్త మాట్ లోవ్ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాలకు చెందిన 1,261 మంది యువకులను తీసుకొని, వారిలో 800 మందిని నెల రోజుల క్రికెట్ లీగుల్లో ఆడించాడు. కొందరు ఒకే కులపు జట్లలో, కొందరు కలగలుపు జట్లలో పడ్డారు, ఆ పంపకం చీటీ మీద జరిగింది. ఒకే జట్టులో కలిసి ఆడినవారిలో ఇతర కులాల వారితో స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టుగా తలపడినవారి విషయంలో మాత్రం ఫలితం చాలావరకు తిరగబడింది. అంటే ఆట అనే ఒక్క మాట కింద రెండు పరస్పర విరుద్ధమైన మందులు ఉన్నాయి, ఏది ఎవరి నోట పడుతుందన్నది బంతి లేవకముందే, జట్ల కాగితం రాసేటప్పుడే నిర్ణయమైపోతున్నది.

ఈ వెలుగులో చూస్తే దక్షిణ తెలంగాణ పల్లెల్లో సంక్రాంతికో ఎన్నికల ముందరో జరిగే టోర్నమెంట్లు కొంత కలవరపెడతాయి. అక్కడ ఉద్దులు ఉండరు, జట్టు ముందే తయారై వస్తుంది. ఒక్కో వాడకూ ఒక్కో 'యూత్' ఉంటుంది, దానికో పేరు, ఆ పేరు అచ్చువేసిన బనియన్లు, ఎంట్రీ ఫీజు కట్టే ఒక అన్న, మొదటి బహుమతి నగదును ప్రకటిస్తూ చేతులు జోడించిన నాయకుడి ఫ్లెక్సీ ఉంటాయి. పల్లెలో వాడలు కులాల వారీగా ఏర్పడ్డాయి గనుక, వాడ జట్టు అంటే కులపు జట్టేనని ఎవరూ నోరువిప్పి అనకుండానే ఆ పని జరిగిపోతుంది. ఫైనల్లో ఓడిన కుర్రవాడు ఆటలో ఓడినట్టు ఇంటికి వెళ్ళడు, ఆ వాడ చేతిలో ఈ వాడ ఓడినట్టు వెళతాడు. దీనికి స్నేహపూర్వక పోటీ అని పేరుపెట్టి అధికారి రిబ్బను కత్తిరించడం, లోవ్ పరిశోధనలో రెండో మందును సీసా మార్చి పోయడమే. ఊరి మొత్తం నుంచి ఒక జట్టును ఏరి పొరుగూరి మీదికి పంపితే పరిస్థితి కొంత మారుతుంది, ఎందుకంటే అప్పుడు రెండు వాడలవాళ్ళు ఒకే వైపు నిలబడవలసి వస్తుంది. కానీ ఆ ఏరికలో పదకొండో స్థానం, నీళ్ళ బాటిళ్ళు మోసే స్థానం ఎవరికి దక్కుతున్నదో చూడకుండా సంతోషపడడం తొందరపాటు.

జట్లు కట్టే తీరు తరువాత చూడవలసింది ఆట స్వభావం, ఎందుకంటే అన్ని ఆటలూ ఒకటి కావు. వాలీబాల్‌లో రెండు జట్ల మధ్య వల ఉంటుంది, ఎదుటివాణ్ణి తాకకుండానే గెలవవచ్చు. క్రికెట్‌లో ఇరవై రెండు గజాల దూరం ఉంటుంది. పైగా బ్యాటు కొన్నవాడికి బ్యాటింగు, లేనివాడికి ముళ్ళకంపల్లో పడిన బంతిని తెచ్చే పని అన్న రాయని చట్టం ఒకటి ఉంటుంది. కబడ్డీకి ఏ సామానూ అక్కరలేదు, గీత గీయడానికి ఒక పుల్ల చాలు. ఆ ఆట మొత్తం తాకడం మీద, పట్టుకోవడం మీద నిలిచి ఉంది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి యాభై ఏళ్ళు దాటాక కూడా, ఉమ్మడి రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊరూరా తిరిగి విన్న ఫిర్యాదుల్లో హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉంది. అటువంటి సమాజంలో ఒకడి మడమను ఇంకొకడు రెండు చేతులా పట్టి, ఏడుగురు ఒకడి మీద పడి, ఎవరి చెమట ఎవరిదో తెలియకుండా మట్టిలో దొర్లే ఆట పుట్టి బతికి బట్టకట్టడం వింతే. ఖోఖోలో తాకడానికి మరొక గుణం ఉంది: వరుసగా కూర్చున్న ఎనిమిది మందిలో ఎవరినైనా తరుముతున్న తోటి ఆటగాడు వెనక నుంచి వీపు తట్టి ఖో అంటే, తట్టినదెవరని వెనుదిరిగి చూసే వ్యవధి లేకుండా లేచి పరుగెత్తాలి.

ఇంతమాత్రాన కబడ్డీ కులాన్ని కరిగిస్తుందని ఎవరైనా అంటే అది అతిశయోక్తి. గీత లోపల పట్టుకున్న చేతినే గీత దాటాక నీళ్ళ బిందె దగ్గర ఆపిన ఊళ్ళు ఉన్నాయి, కలిసి ఆడి విడిగా తాగడం ఎలాగో పిల్లలకు ఇల్లే నేర్పుతుంది. అయినా ఆ ఆటలోని ఒక నియమం దగ్గర ఆగి చూడాలనిపిస్తుంది. పల్లె భాషలో కబడ్డీలో ఔటైనవాడు 'చచ్చినవాడు', తన జట్టు ఎదుటి వైపు ఒకరిని 'చంపితే' అతడు 'బతుకుతాడు', మళ్ళీ లోపలికి వస్తాడు. పగకు ఉన్న వ్యాకరణమంతా ఇందులో ఉంది, దెబ్బకు దెబ్బ, ప్రాణానికి ప్రాణం; ఒక్క తేడా, ఇక్కడ పగ తీర్చుకుంటే పోయినవాడు నిజంగానే తిరిగివస్తాడు. ఆట అబద్ధమని అందరికీ తెలుసు గనుకనే అది సాధ్యమవుతుంది.

పిల్లల ఆటలో అంపైరు ఉండడు, దానికి బదులు 'తొండి' అనే మాట ఉంటుంది. ఎవడైనా మోసం చేస్తే తొండి తొండి అని అరుపులు లేస్తాయి, ఆట ఆగుతుంది, అరగంట వాదన నడుస్తుంది, చివరికి ఒకడు తగ్గుతాడు లేదా మొదటి నుంచి ఆడతారు. కొలంబియాలో 1994 జులైలో, ప్రపంచ కప్‌లో పొరపాటున సొంత గోల్‌లోకి బంతి పంపిన ఆటగాడు ఆంద్రెస్ ఎస్కోబార్ మెదెయిన్ నగరంలో హత్యకు గురైన తరువాత, అక్కడే ఉన్న యుర్గన్ గ్రీస్‌బెక్ అనే జర్మన్ కల్పించిన వీధి ఫుట్‌బాల్ పద్ధతి ఈ తొండి తగవును గుర్తుకు తెస్తుంది: అందులో రిఫరీ ఉండడు, ఆటకు ముందు రెండు జట్లూ కూర్చొని నియమాలు ఒప్పుకుంటాయి, ఆట తరువాత మళ్ళీ కూర్చొని ఎవరు ఎలా నడుచుకున్నారో తేల్చుకుంటాయి, జట్టులో అమ్మాయిలు ఉండితీరాలి, మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. తగవును తామే తీర్చుకోవడం నేర్చిన కుర్రవాడికి, ఈల వినబడితేనే ఆగే కుర్రవాడికి మధ్య ఉన్న దూరమే గాల్టుంగ్ చెప్పిన రెండు శాంతుల మధ్య దూరం.

ఇక నేల సంగతి. అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావేను కలిసిన దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని నిలబడి చెప్పడంతో భూదానోద్యమం మొదలైంది. సాయుధ పోరాటం ఇంకా ముగియని ఆ రోజుల్లో శాంతి గురించి మాట్లాడాలంటే ఎకరాల లెక్కలో మాట్లాడక తప్పలేదు. ఆట కూడా ఆ లెక్కకు బయట లేదు. బంజరు ఎవరి కబ్జాలో ఉంది, బడి మైదానం ఏ వాడకు దగ్గర, చీకటి పడ్డాక ఎవరి పిల్లలు ఎవరి పొలం గట్టు దాటి ఇంటికి పోవాలి అన్నవి ఆటకు ముందరి ప్రశ్నలు. 2022 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణం అనే పథకాన్ని మొదలుపెట్టి వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, కసరత్తు బార్లు, ఒక పెద్ద బోర్డు ఏర్పాటు చేయించింది. సర్కారు భూమి దొరికిన చోట ఆ ప్రాంగణం ఊరందరిదీ అయింది. దొరకని చోట ఊరికి దూరంగా, గుట్టబోరు పక్కన, బోర్డు మాత్రం నిటారుగా నిలబడి, కోర్టులో తుమ్మమొక్కలు మొలిచిన దృశ్యాలను పత్రికలు బొమ్మలతో సహా అచ్చువేశాయి.

నేల ఉన్నా ఆడేవాళ్ళు ఉండాలి. బడిలో ఖోఖో ఆడిన అమ్మాయి పదో తరగతి దాటగానే మైదానంలో కనిపించదు. పాలమూరులో గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తల్లిదండ్రులను ముంబాయికో పుణెకో లాక్కుపోతే, వాళ్ళతోపాటు జట్టులో ఇద్దరో ముగ్గురో తగ్గిపోతారు. ఏటా విడిపోయే జట్టుకు నెల రోజుల లీగు కూడా దక్కదు.

దక్కినచోట ఫలితం ఎంతదాకా నడుస్తుందన్నది మరొక ప్రశ్న. ఇస్లామిక్ స్టేట్ దాడులకు చెదిరిపోయిన ఉత్తర ఇరాక్ క్రైస్తవ యువకుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్ళను చేర్చి సల్మా మూసా చేసిన పరిశోధన 2020లో వెలువడింది. కలిసి ఆడినవారు క్రీడాస్ఫూర్తి బహుమతికి ముస్లిం ఆటగాళ్ళకు ఓటు వేయడానికి, ఆర్నెల్ల తరువాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేయడానికి ముందుకు వచ్చారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్ నగరంలోని హోటల్‌కు వెళ్ళడం వంటి, మైదానం బయటి పనుల్లో మార్పు పెద్దగా కనిపించలేదు. మైదానపు గీత బలం అంత. దాన్ని దాటాలంటే ఆట ముగిశాక కూడా కలిసే ఉండే చోటు కావాలి, కలిసి తినే పంక్తి కావాలి.

అటువంటి చోటు ఈ నేల మీద గురుకులమే. ఆ ఆలోచనకు తొలి రూపం అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో 1971లో ఏర్పడింది. ఎదుటి జట్టు అనేదే లేని ఆట కూడా ఇదే నేలలో ఒకటి ఉంది: భువనగిరి ఏకశిల మీద పర్వతారోహణ. అక్కడ పైకి ఎక్కేవాడి తాడు కింద నిలబడినవాడి చేతిలో ఉంటుంది, గెలుపు అంటే ఇద్దరూ క్షేమంగా దిగడం. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ బండ మీదే ఓనమాలు దిద్దుకొని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు; అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు వేర్వేరు సొసైటీలు, వేర్వేరు గురుకులాలు, వేర్వేరు క్రీడోత్సవాలు ఉన్నాయి గనుక, వాడల గోడలు దాటి వచ్చిన పిల్లవాడు చాలావరకు తన వర్గపు పిల్లలతోనే తాడు పంచుకుంటున్నాడు. వెనుకబడిన వర్గాల చదువుకు ఆ విడి ఏర్పాట్లు చేసిన మేలు చిన్నది కాదు, దాన్ని కాదనడం అన్యాయం. కానీ ఆ ఏర్పాట్లలో ఉద్దులు కూడడానికి రెండో వాడ లేదు.

2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన యంగ్ ఇండియా సమీకృత గురుకులాల ఉద్దేశం ఈ వేర్వేరు సంస్థలను ఒకే ప్రాంగణంలోకి తేవడం. ప్రాంగణపు నక్షాలో మైదానం ఎక్కడో, కోర్టు కొలతలెంతో రాసి ఉంటాయి. అక్కడ చేరే పిల్లలు సొసైటీ పేరున్న బనియన్లతో ఎదురెదురుగా నిలబడతారా, భుజాల మీద చేతులు వేసుకొని పేర్లు పెట్టుకోవడానికి కాస్త దూరం నడుస్తారా అన్నది మాత్రం నక్షాలో ఉండదు. అది సాయంత్రం బడి గంట కొట్టాక, పీఈటీ సారు బంతి చంకన పెట్టుకొని వచ్చి జట్లు కట్టమన్న రెండు నిమిషాల్లో తేలుతుంది.